రెండు నుంచి మూడుకి

ప్రెస్సు వెనక వీధి, మేడ ఇల్లు
మార్చి 3

బావగారికి నమస్కారం.

తొమ్మిదేళ్ళ తరవాత నా చేతిరాత చూసి మీరు ఈ కవరు చించకుండా పక్కన పడేసినా నేను తప్పు పట్టను. నవంబరులో మీ చెల్లెలు పోయిందని తెలియజేసిన మూడు వాక్యాలూ ప్రెస్సులో టైపు కొట్టించి పంపాను. చేత్తో రాయడం అప్పుడు నా వల్ల కాలేదు. మీరు "తెలిసింది" అని ఒక్క మాట రాశారు. అంతకన్నా నేను ఆశించలేదు కూడా.

ఇప్పుడు రాస్తున్నది ఆమె కారు గురించి. పాతికేళ్ళ నాటి పెద్ద కారు, ఎవరో రిటైరైన లాయరుగారి దగ్గర కొన్నానని చెప్పింది. తోలు సీట్లు, లోపలంతా నునుపు చెక్క, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. కాలి దెబ్బ తరవాత ఆమెకి క్లచ్ తొక్కడం కుదరదు కాబట్టి, గేర్లు తనంతట తనే మార్చుకునే బండి కావాలని పట్టుబట్టి కొనుక్కుంది. ఎనిమిదేళ్ళు ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. నాకు డ్రైవింగు రాదని మీకు తెలుసు.

ఆమె పోయాక రోజూ పొద్దున కిందికి దిగి, షెడ్డులో ఉన్న కారులో నా సీట్లో కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. కింద వాటాలో ఉండే టైలరమ్మ ఒక రోజు అద్దం మీద తట్టి, "ఎక్కడికండీ ప్రయాణం?" అంది. పాపం, ఆవిడ వేళాకోళానికే అంది. నేను పేపరు మడిచి దిగిపోయాను. ఆ మర్నాడే డ్రైవింగు స్కూల్లో చేరాను. అరవై రెండేళ్ళకి లైసెన్సు వచ్చింది. నవ్వకండి.

ఇక జబ్బు సంగతి. పొద్దున్నే స్టార్ట్ చేసి మీటని డి లోకి లాగితే వెంటనే కదలదు. రెండు మూడు సెకన్లు ఆలోచించుకుని, వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో కదులుతుంది. వేగం అందుకుంటున్నప్పుడు, రెండో గేరు నుంచి మూడుకి మారాల్సిన చోట ఇంజను ఒక్కసారి గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు ఉంటుంది. మా వీధి మెకానిక్ ఒక చుట్టు తిప్పి, "గేర్‌బాక్సు పోయింది సార్, పాత సామాన్లకి ఇచ్చేయండి" అన్నాడు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల విషయంలో మీ అంత పనివాడు ఈ చుట్టుపక్కల లేడని అందరూ అంటారు. నేనూ ఒప్పుకుంటాను. ఫోను చేద్దామనుకున్నాను. కానీ ఫోనులో మాట తూలితే వెనక్కి తీసుకోలేం. కాగితం మీదైతే దిద్దుకోవచ్చు.

ఇట్లు,
మీ బావ


షెడ్డు
మార్చి 9

బావగారికి,

కవరు చించాను. చదివాను.

బండి చూడకుండా వైద్యం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ వీధి మెకానిక్ మాట పట్టించుకోకండి. గేర్‌బాక్సు పోతే పోయినట్టే ఉంటుంది, ఇలా మధ్య మధ్యలో అలగదు.

ముందు ఆయిలు చూడండి. ఇంజను ఆయిలు కాదు, గేర్‌బాక్సు ఆయిలు, దానికి వేరే కొలపుల్ల ఉంటుంది, ఇంజను వెనక, కుడి పక్కన. బండిని ఒక అరగంట నడిపి, వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఇంజను ఆపకుండా, మీటని పి లో పెట్టి అప్పుడు తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే మట్టం తప్పు చెప్తుంది. పుల్లని తెల్ల కాగితం మీద తుడవండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగులో ఉండి మాడిన వాసన వేస్తే లోపల పలకలు కాలుతున్నట్టు. రంగు, వాసన, మట్టం మూడూ రాయండి.

మీ లైసెన్సు సంగతి చదివి నేను నవ్వలేదు.

ఇట్లు,
బావ


మేడ ఇల్లు
మార్చి 17

బావగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. తుడిచిన కాగితం ఇందులోనే పెడుతున్నాను, చూడండి. దానిమ్మ రసంలా ఉంది. మాడిన వాసన లేదు. మట్టం రెండు గీతల మధ్య సరిగ్గా ఉంది.

నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇది ఈ మధ్యనే పోసిన ఆయిల్లా ఉందని మా వీధి మెకానిక్ కూడా అన్నాడు. మీ చెల్లెలు కారుని ఎక్కడ బాగు చేయించేదో నాకెప్పుడూ చెప్పలేదు. "నేను చూసుకుంటాలెండి, మీరు కామాలు చూసుకోండి" అనేది. ఎప్పుడూ ఆగిపోని బండి గురించి ఎవరు అడుగుతారు? నేనూ అడగలేదు. తలుచుకుంటే, చాలా విషయాలు అడగలేదు.

ప్రెస్సు నన్ను డిసెంబరులోనే పంపించేసింది. ఇప్పుడు ప్రూఫులు మిషనే చూస్తుందట. అలవాటు చావక ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితం దిద్దుతున్నాను. మందుల డబ్బా మీద ఒకటి, బియ్యం సంచీ మీద రెండు తప్పులు. ముప్ఫై ఎనిమిదేళ్ళు దిద్దిన చెయ్యి ఊరుకోదు. దిద్దినవి చూపించడానికి ఎవరూ లేకపోవడం ఒక్కటే ఇబ్బంది.

మీ ఉత్తరంలో తప్పులు లేవు. ఒక చోట చుక్క మర్చిపోయారు, అంతే.

ఇట్లు,
మీ బావ


షెడ్డు
మార్చి 26

బావగారికి,

ఆయిలు ఎవరో మార్చి ఉంటారు. వదిలేయండి.

ఇంజను నుంచి గేర్‌బాక్సు పక్కకి చిటికెన వేలంత లావు రబ్బరు గొట్టం ఒకటి పోతుంది. ఇంజను పీల్చే గాలి బలాన్ని బట్టి గేరు ఎంత గట్టిగా పట్టాలో ఆ గొట్టమే చెప్తుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉత్తరాలు మోసేది అదేననుకోండి. రబ్బరు పాతబడితే చీలుతుంది, కబురు అందదు. బండి తంతుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. రెండు చివర్లూ వేళ్ళతో వంచి చూడండి. పగులు కనిపిస్తే కొత్తది వేయించండి, ఎక్కడైనా దొరుకుతుంది. తన్నడం దానితో పోవచ్చు. రెండు నుంచి మూడుకి అరవడం మాత్రం పోతుందో లేదో చెప్పలేను.

నా దగ్గరికి ఇప్పుడు పాత గేర్‌బాక్సులు పెద్దగా రావట్లేదు. అందరికీ కంప్యూటరు తగిలించి చూసే షాపులు కావాలి. లిఫ్టు మీద ఒక బండి ఉంటే ఉన్నట్టు. మిగతా టైము పానాలు తుడుస్తూ కూర్చుంటాను. తుడిచినవే తుడుస్తున్నాను.

ఒక మాట అడుగుతాను. మీ టైపు కాగితంలో, పోయింది అని తప్ప ఏమీ లేదు. ఎలా జరిగింది? చివర్లో నా సంగతి ఏమైనా అడిగిందా?

ఇట్లు,
బావ


మేడ ఇల్లు
ఏప్రిల్ 8

బావగారికి,

గొట్టం చివర గోరు పట్టేంత పగులు ఉంది. నేనే మార్చాను. నా చేత్తో ఒక యంత్రానికి మేలు జరగడం ఇదే మొదలు. పొద్దుటి తన్ను పోయింది. ఇప్పుడు డి లోకి లాగితే మర్యాదగా కదులుతుంది. కానీ రెండు నుంచి మూడుకి అరవడం అలాగే ఉంది. తగ్గుముఖం కూడా లేదు.

తరవాత ఏం చేయాలి? గేర్‌బాక్సు కింద పళ్ళెంలాంటిది ఉంటుందని, అది విప్పితే లోపల సంగతి కొంత తెలుస్తుందని మా మెకానిక్ అన్నాడు. తను మాత్రం ముట్టుకోనన్నాడు. నేను విప్పవచ్చా?

మిగతాది ఇంకోసారి రాస్తాను.

ఇట్లు,
మీ బావ


షెడ్డు
ఏప్రిల్ 14

బావగారికి,

అడిగినదానికి జవాబు రాలేదు. సరే.

పళ్ళెం విప్పే పని మీరు పెట్టుకోవద్దు. అవసరం లేదు. బండిని అలాగే మెల్లగా నడుపుకోండి, మూడుకి మారే ముందు కాలు కొంచెం తేలిక చేయండి, అరవదు. వీలు చూసుకుని ఎవరినైనా పంపుతాను.

ఒకవేళ నా మాట వినకుండా దూరితే, జాకీని నమ్మి కిందికి దూరకండి. నాలుగు వైపులా స్టాండ్లు పెట్టాకే.

ఇట్లు,
బావ


మేడ ఇల్లు
ఏప్రిల్ 23

బావగారికి,

మీ మాట వినలేదు. మెకానిక్ దగ్గర స్టాండ్లు తెచ్చుకుని నిన్న పళ్ళెం విప్పాను. చొక్కా, జుట్టు, షెడ్డు నేల అన్నీ ఎర్రబడ్డాయి. టైలరమ్మ చూసి రక్తమనుకుని కేకలు పెట్టింది.

పళ్ళెంలో అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పొడి తప్ప ఇనప ముక్కలు లేవు. పైన ఫిల్టరు శుభ్రంగా ఉంది. దాని మీద నల్ల మార్కరుతో ఒక తేదీ రాసి ఉంది. పోయిన ఏడాది ఆగస్టు 12.

బావగారూ, నా వృత్తి ఏమిటో మీకు తెలుసు. వందలమంది చేతిరాతలు చదివాను. రెండు అంకెకి తోకని కిందికి లాగి కొక్కెంలా తిప్పే మనిషి నాకు ఒక్కడే తెలుసు. పెళ్ళికి ముందు మూడేళ్ళు మనం ఒకే గదిలో ఉన్నాం. పాలవాడి క్యాలెండరు మీద ఆ కొక్కేలు రోజూ చూశాను.

పోయిన ఏడాది క్యాలెండరు తీసి చూశాను. ఆగస్టు 12 శనివారం. నెలకో శనివారం ఆమె కాలి వ్యాయామాల క్లినిక్‌కి వెళ్ళేది. నేను వెంట వస్తానంటే, "అక్కడంతా ఆడవాళ్ళే ఉంటారు, మీరు గుమ్మంలో నుంచోవాలి" అనేది. శనివారం నాకు వారపత్రిక చివరి ప్రూఫులు. నేనూ గట్టిగా అనలేదు.

పొద్దున ఆ క్లినిక్‌కి ఫోను చేశాను. అలాంటి పేరుగల పేషెంటు ఏడేళ్ళుగా తమ దగ్గరికి రాలేదన్నారు.

నిజం రాయండి.

బావ


షెడ్డు
ఏప్రిల్ 29

బావగారూ,

విప్పొద్దన్నది ఇందుకే. సరే, చదవండి.

ఆ కారు లాయరుగారిదే. ఆయన నా ఖాతాదారు. ఆ గేర్‌బాక్సు నా చేతుల్లో పెరిగింది. యాక్సిడెంటు రోజు మీరు ఆసుపత్రి వరండాలో, "ఇంకెప్పుడూ నా గడప తొక్కకు" అన్నాక, చెల్లెలి కాలు ఇక క్లచ్ తొక్కలేదని డాక్టరు చెప్పాక, నాకు చేతనైన పని ఇదొక్కటే అనిపించింది. లాయరుగారిని ఒప్పించి దానికి ఇప్పించాను. నా పేరు చెప్పొద్దన్నాను. చెప్తే మీరు ఆ బండి ఎక్కరు.

మొదట ఆయిలు మార్చడానికని వచ్చింది. తరవాత ఏ పనీ లేకపోయినా వచ్చేది. రెండున్నర గంటల దారి. పదకొండింటికి ఆ మూల బండి తిరిగే చప్పుడు వినిపించేది. నేను పని ఆపేవాణ్ణి కాదు. అది స్టూలు లాక్కుని కూర్చుని, నేను కారు కింద ఉంటే నా బూట్లతో మాట్లాడేది. మీ మీద చాడీలు చెప్పేది. హోటల్లో మెనూ కార్డు దిద్ది సర్వరు చేతికి ఇచ్చారట గదా. "తల కొట్టేసినట్టయింది అన్నయ్యా" అని నవ్వేది. నేను ఇంకో రెండు కలిపితే మాత్రం, "చాల్లే, మా ఆయన్ని నువ్వేం అనక్కర్లేదు" అని మీదికొచ్చేది. అన్నం తిని వెనక బెంచీ మీద ఒక గంట పడుకునేది. మూడింటికి వెళ్ళిపోయేది.

"ఎన్నాళ్ళే ఈ దొంగతనం? చెప్పెయ్" అని అడిగాను. "రెండుసార్లు మొదలుపెట్టాను, నీ పేరెత్తగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు, ఇంక నోరు రాలేదు" అంది.

అక్టోబరులో వచ్చినప్పుడు బండి రెండు నుంచి మూడుకి అరిచింది. లోపల ఒక స్ప్రింగు నీరసపడింది. అది నా దగ్గర లేదు, తెప్పిస్తాను, వచ్చే నెల వేద్దామన్నాను. తెప్పించాను. నవంబరులో ఆ శనివారం పదకొండింటి నుంచి మూడింటిదాకా ఆ మూలకేసి చూస్తూ కూర్చున్నాను. మంగళవారం మీ టైపు కాగితం వచ్చింది.

స్ప్రింగు ఇక్కడే ఉంది. మొండితనంతో సగం విప్పారు కాబట్టి మిగతాది కూడా చేయండి. ఫిల్టరు తీస్తే పైన అల్యూమినియం దిమ్మె కనిపిస్తుంది, పుస్తకం అంత ఉంటుంది. వాల్వ్ బాడీ అంటాం. ఏ గేరు ఎప్పుడు పట్టాలో ఆయిలు దారులతో లెక్క కట్టేది అదే. దాని బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. ఏది ఎక్కడిదో గీసుకోండి. రెండు చేతులతో పట్టుకుని నిదానంగా దించండి, వంచితే లోపలి గోళీలు జారిపడతాయి. గుడ్డలో చుట్టి పంపండి.

నేను దాచింది చెప్పాను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. చివర్లో నన్ను అడిగిందా?

బావ


మేడ ఇల్లు
మే 6

బావగారికి,

దిమ్మె పార్శిల్లో పంపుతున్నాను. పాత ప్రూఫు కాగితాలు చుట్టాను, మెత్తగా ఉంటాయని. ఇరవై ఏడు బోల్టులకీ నంబర్లు వేసి అట్టకి గుచ్చి నా దగ్గర ఉంచుకున్నాను. ఒక్క గోళీ పడలేదు.

మీ ఉత్తరం చదివి మొదటి రెండు రోజులు మిమ్మల్నీ ఆమెనీ కూడా తిట్టుకున్నాను. ఎనిమిదేళ్ళపాటు నన్ను వెర్రివాణ్ణి చేశారు అని. మూడో రోజు, ఆమె అబద్ధం ఆడకపోతే ఏం జరిగేదా అని ఆలోచించాను. ఏమీ జరిగేది కాదు. ఆమె ఇంట్లో కూర్చునేది. నేను గెలిచేవాణ్ణి.

నాలుగు సార్లు రాసి చించేసిన ముక్క ఇది. ఈసారి దిద్దకుండా రాస్తాను.

ఆమె ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. గుండె. రెండో రోజు పొద్దున, "అన్నయ్యకి కబురు పెట్టండి" అంది. "ముందు కోలుకో, తరవాత చూద్దాం" అన్నాను. మూడో రోజు మళ్ళీ అడిగింది. "కబురు పెట్టాను, వస్తున్నాడు" అన్నాను. పెట్టలేదు. అప్పటి నుంచి తలుపు వైపు తిరిగి పడుకుంది. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా కళ్ళు తెరిచేది. నర్సుని చూసి మూసుకునేది. నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆమె బతుకుతుందనుకున్నాను బావగారూ. బతుకుతుంది, నా పంతమూ నాకు మిగులుతుంది అనుకున్నాను. ఇదీ మీ ప్రశ్నకి జవాబు. రెండుసార్లు అడిగింది.

బావ


మేడ ఇల్లు
మే 28

బావగారికి,

పార్శిలు అందిందో లేదో తెలియలేదు. పోస్టాఫీసులో అడిగితే అందిందనే చెప్పారు.

స్టాండ్ల మీద కారు అలాగే ఉంది. పొద్దున పేపరు కారులోనే చదువుకుంటున్నాను, కాకపోతే ఇప్పుడు అడుగున్నర ఎత్తున. టైలరమ్మ మళ్ళీ అద్దం తట్టలేదు.

బావ


మేడ ఇల్లు
జూన్ 19

బావగారికి,

మీరు రాయనక్కర్లేదు. దిమ్మె కూడా తిరిగి పంపనక్కర్లేదు. మీరు బాగున్నారని మాత్రం ఎవరిచేతైనా ఒక కార్డు వేయించండి. ఆమె లేదు. ఇంక మీ క్షేమం ఎవరిని అడగాలో నాకు తెలియడం లేదు.

బావ


షెడ్డు
జూలై 11

ఒరేయ్,

ఇన్నాళ్ళూ మీరు, గారు అని రాసి చెయ్యి నొప్పెట్టింది. ఇవాళ ఓపిక లేదు.

నీ పార్శిలు వచ్చిన రోజే ఉత్తరం చదివాను. దిమ్మెని అరలో పెట్టి ఎదురుగా తువ్వాలు వేలాడదీశాను, కంటికి కనపడకుండా. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చాను, నీ ఇంటికొచ్చి చొక్కా పట్టుకుందామని. రెండుసార్లూ తిరిగొచ్చాను. చొక్కా పట్టుకున్నాక ఏం చేయాలో తెలియలేదు.

దాన్ని తలుపు వైపు చూస్తూ పడుకోబెట్టావు కదరా. నేను రెండున్నర గంటల దూరంలో పానాలు తుడుస్తూ కూర్చున్నాను. ఆ రెండున్నర గంటలు నాకు ఇవ్వలేకపోయావు.

నవంబరు నుంచి నేను ఇంకోటి అనుకుంటూ బతికాను. అడిగి ఉండదులే, చివర్లో నేను గుర్తొచ్చి ఉండనులే అనుకున్నాను. రోజూ అదే ముల్లు. ఇప్పుడు రెండుసార్లు అడిగిందన్నావు. ఆ మాట నువ్వు దాచేస్తే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది చెప్పినందుకు నీ కాళ్ళు పట్టుకోవాలో, చేసినదానికి నిన్ను తన్నాలో తేలక రెండు నెలలు పట్టింది. ఇంకా తేలలేదు.

నేనూ ఒకటి చెప్తాను, విను. యాక్సిడెంటయిన ఆ రోజు, ముందు పోతున్న లారీ బ్రేకు వేసినప్పుడు నేను రోడ్డు చూడట్లేదు. వెనక సీట్లో నువ్వు జోకు చెప్తున్నావు. నవ్వుతూ నీ వైపు తిరిగాను. అది నేను ఎవరికీ చెప్పలేదు. దానికీ చెప్పలేదు. స్టీరింగు నా చేతిలో ఉంది, తప్పు నాదే. కానీ వరండాలో నువ్వు అరుస్తుంటే, వీడికి ఆ జోకు గుర్తుందా లేదా అని నీ మొహం చూస్తూ నుంచున్నాను.

దిమ్మె బాగు చేశాను. స్ప్రింగు మార్చాను. ఇంకో వాల్వు కూడా పట్టేస్తోంది, నునుపు చేశాను, ఇప్పుడు వేలితో తోస్తే దాని బరువుకి అదే జారుతోంది. పార్శిల్లో పంపుతున్నాను. బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించు. తరవాత మధ్యలోవి ముందు బిగించి, అక్కడి నుంచి అంచులకి రా. బలం చూపించకు. కొత్త ఫిల్టరు ఇందులోనే ఉంది. ఆయిలు పోశాక వేడెక్కించి, మట్టం నేను చెప్పినట్టే చూడు.

ఆ పార్శిల్లో క్షమాపణ వెతుక్కోకు. నేను పెట్టలేదు.


మేడ ఇల్లు
ఆగస్టు 21

బావా,

నువ్వు ఒరేయ్ అన్నాక నాకు మీరు అని రాయడం చేతకావడం లేదు.

ఆ జోకు నాకు గుర్తుంది. మాట మాటా గుర్తుంది. తొమ్మిదేళ్ళుగా నేను ఇంకో జోకు చెప్పలేదు. మీ చెల్లెలు అడిగేది, "పెళ్ళయిన కొత్తలో అంత నవ్వించేవారు, ఏమైపోయింది ఆ మనిషికి?" అని. ప్రూఫులు చూసీ చూసీ ఎండిపోయానని చెప్పేవాణ్ణి. నీ మీద అరిస్తే ఆ జోకు ఎవరికీ వినపడదనుకున్నాను. నువ్వు నా మొహం చూశావు. నేను నీ మొహం చూడకుండా అరిచాను.

నీ క్షమాపణ కోసం పార్శిలు వెతకలేదు. బోల్టులు ఇరవై ఏడూ నువ్వు చెప్పిన వరసలో బిగించాను. రెండు రోజులు పట్టింది. ఒక చోట తొందరపడ్డానేమోనని అన్నీ విప్పి మళ్ళీ మొదటి నుంచి బిగించాను.

పోయిన గురువారం స్టాండ్ల మీద నుంచి దించి రోడ్డెక్కించాను. ఒకటి, రెండు. మూడు కోసం చెవి పెట్టి కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. ఇంకా రెండులోనే ఉందేమో అనుకుని వేగం చూపించే ముల్లు చూస్తే, ఎప్పుడో మూడుకి వెళ్ళిపోయి ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. అదే తీరు. తెలియకుండా మారుతోంది.

శనివారం ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చాను. బండి బాగుంది. ఇంకేం విశేషాలు లేవు.

నీ
బావ


షెడ్డు
ఆగస్టు 27

ఒరేయ్ బావా,

మీ ఊరి చివరికి మా షెడ్డు ఎప్పుడు వచ్చిందిరా?

శనివారం పదకొండు దాటి ఇరవై నిమిషాలకి మా మూల తిరిగింది బండి. నేను ఒక కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, ఛాతీ మీద గేర్‌బాక్సు దించుకోబోతూ. ఆ చప్పుడు వినగానే చెయ్యి ఆగిపోయింది. అది వచ్చేసిందనుకున్నాను. ఒక్క క్షణమే అనుకో. కానీ అనుకున్నాను.

తరవాత బండి రోడ్డు అవతల ఆగింది. అది ఎప్పుడూ అక్కడ ఆపదు. గుమ్మం ముందుకు తెచ్చి, లిఫ్టుకి అడ్డంగా పెట్టేది. అప్పుడు అర్థమైంది, నువ్వేనని.

ఇంజను ఆపలేదు నువ్వు. నేను లెక్కపెట్టాను, పదిహేను నిమిషాలు. కారు కింద నుంచి చూస్తే గుమ్మం అడుగున ఒక జానెడు వెలుతురు కనిపిస్తుంది. అందులో నీ చెప్పులు వస్తాయేమోనని చూస్తూ పడుకున్నాను. లేచి బయటికి రావచ్చు. నాలుగడుగులు. లేవలేదు. తప్పు మోకాళ్ళ మీదికి నెట్టకు అని నాకు నేనే చెప్పుకున్నాను, మోకాళ్ళు ఆ రోజు బాగానే ఉన్నాయి.

నువ్వు కదిలినప్పుడు చెవి రిక్కించి విన్నాను. ముప్ఫై ఆరేళ్ళుగా ఈ చెవితోనే సంపాదించుకు తిన్నాను. ఒకటి. రెండు. మూలకి చేరేలోపు మూడు. గొంతు పెరగలేదు, తడబడలేదు. కొత్తలో లాయరుగారి చేతిలో కూడా అది అంత బాగా పట్టలేదు. చేత్తో చేసే పని నీకు చేతకాదని నిన్ను గదిలో ఉన్న రోజుల్లో ఎన్ని మాటలన్నానో అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బండి వెళ్ళిపోయాక బయటికి వచ్చి రోడ్డు అవతలికి నడిచాను. నువ్వు ఆగిన చోట నేల మీద ఆయిలు చుక్క ఉందేమోనని వంగి చూశాను. ఒక్క చుక్క లేదు. అక్కడే కాలవ గట్టు మీద కూర్చుని, నవంబరు నుంచి ఏడవనిదంతా ఏడ్చాను. టీ కొట్టువాడు మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏమైందని అడిగాడు. మా చెల్లెలు పోయిందని చెప్పాను. ఎప్పుడు అన్నాడు. ఇప్పుడే అన్నాను.

నీ మీద కోపం పోయిందని రాయను. ఉంది. ఎంతుందో నువ్వు ఎదురుగా ఉంటే గాని నాకూ తెలియదు. ఇక్కడికొచ్చాక అరుస్తానేమో, మాట్లాడకుండా పని చేసుకుంటానేమో చెప్పలేను. స్టూలు మాత్రం తుడిచి పెడతాను.

మళ్ళీ రా. ఈసారి ఇంజను ఆపి దిగు.